విశాఖ గాలిలో కార్బన్‌ను కాగితం మీద కాదు, గాలిలోనే కొలవండి: జీవీఎంసీకి, పొల్యూషన్ బోర్డుకి బహిరంగ లేఖ

గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ) కమిషనర్ గారికి, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి విశాఖ అధికారులకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ విభాగాల పెద్దలకు నమస్కారం.

నేను గాజువాకలో ఉంటాను, డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. అడగాలనుకున్నది ముందే అడిగేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ విశాఖ గాలిలో ఎంతున్నాయో గంటగంటకీ నమ్మదగ్గ పద్ధతిలో కొలవండి, ఆ అంకెలు జనం ముందు పెట్టండి.

గాలి గురించి మాట్లాడుకోవడం మన ఊరికి కొత్తేం కాదు. ఇక్కడ మేడ మీద బట్టలు ఆరేసుకునేవాళ్లకి నల్లటి పొడి తెలుసు, పాత నగరంలో ఇళ్లున్నవాళ్లకి బొగ్గు దుమ్ము తెలుసు. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. అప్పటి నుంచి పీఎం 10, పీఎం 2.5 అనే సన్నని దుమ్ము మీద శ్రద్ధ పెరిగింది, అందుకు మీకు కృతజ్ఞతలు. కానీ దేశం మొత్తం పాటించే 2009 నాటి ప్రమాణాల్లో ఉన్నవి 12 కాలుష్యకాలు, వాటిలో కార్బన్ డయాక్సైడ్ లేదు, మీథేన్ లేదు, నైట్రస్ ఆక్సైడ్ లేదు. ఆ 12 నేరుగా మన ఊపిరితిత్తులకో రక్తానికో హాని చేసేవి కాబట్టి జాబితాలో ఉన్నాయి. ఆరుబయట గాలిలో ఉండే మోతాదులో కార్బన్ డయాక్సైడ్ ఎవరినీ జబ్బు చేయదు కాబట్టి దాన్ని వదిలేశారు. 2009లో ఆ కారణం సరిపోయి ఉండొచ్చు. 2070 కల్లా నికర ఉద్గారాలు సున్నా చేస్తామని దేశం మాట ఇచ్చాక, నగరాలన్నీ వాతావరణ ప్రణాళికలు రాసుకుంటున్న ఈ రోజుల్లో మాత్రం సరిపోదు.

ఆ ప్రణాళికల్లో అంకెలు ఎలా వస్తాయో మీకు తెలుసు. నగరంలో ఎంత కరెంటు వాడారు, ఎన్ని లీటర్ల పెట్రోలు, డీజిలు అమ్ముడుపోయింది, ఎన్ని టన్నుల చెత్త లేచింది అని లెక్క తీసి, ఒక్కోదాన్ని ఒక్కో గుణకంతో హెచ్చవేస్తారు. ఇది పనికిమాలిన పద్ధతి కాదు, ప్రపంచమంతా మొదట చేసేది ఇదే. కానీ ఇంటికి ఎన్ని కేజీల బియ్యం తెచ్చామో చూసి ఎవరెంత తిన్నారో చెప్పడం లాంటిది ఇది. పెట్రోలు లెక్క చాలావరకు కుదురుతుంది. చెత్త గుట్టలోంచి లేచే మీథేన్, గెడ్డల్లో నిలిచిపోయిన మురుగు నుంచి వచ్చే మీథేన్, ఎక్కడో గొట్టం లీకై పోయే గ్యాస్, రాత్రిపూట ఎవరో తగలబెట్టే ప్లాస్టిక్, వీటికి బిల్లులు ఉండవు. వాటి లెక్క గాలిలోనే దొరుకుతుంది.

కొలవడం మన చేతిలో లేని పని అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ఆ 2009 ప్రమాణాల్లోనే కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ పద్ధతిలో కొలవాలో రాసి ఉంది: నాన్ డిస్పర్సివ్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ, అంటే పరారుణ కాంతితో. నగరాల్లో నిరంతరం గాలి కొలిచే కేంద్రాల్లో కార్బన్ మోనాక్సైడ్ కోసం పెట్టే పెట్టెలోకి గాలి వెళ్తుంది, దాని గుండా పరారుణ కాంతి వెళ్తుంది, 4.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి తగ్గిందో చూసి గ్యాస్ ఎంతుందో చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ అదే కాంతిని కాస్త పక్కన, 4.26 మైక్రాన్ల దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది. మీథేన్ 3.3 దగ్గర, నైట్రస్ ఆక్సైడ్ 4.5 దగ్గర. అంటే చట్టం ఇప్పటికే ఒప్పుకున్న పద్ధతికి కొనసాగింపునే నేను అడుగుతున్నాను, ఎక్కడో పరిశోధనశాలలో మాత్రమే నడిచేదాన్ని కాదు.

క్లాసులో పిల్లలకి ఇది చెప్పేటప్పుడు నాకెప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది. పొడి గాలిలో నూటికి 99 పాళ్లు నైట్రోజన్, ఆక్సిజన్. రెండూ ఒకే రకం పరమాణువుల జంటలు, అవి ఎంత కంపించినా అణువులో ఆవేశాల సమతూకం మారదు, అందుకే పరారుణ కాంతి వాటిని దాటి వెళ్లిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ అణువు కంపిస్తే ఆ సమతూకం చెదురుతుంది, అందుకే అది ఆ కాంతిని పట్టుకుంటుంది. భూమి వదిలే వేడి కూడా పరారుణ కాంతే. కాబట్టి ఒక వాయువు భూమిని వేడెక్కించడానికీ, మనం దాన్ని పరారుణ కాంతితో కొలవగలగడానికీ కారణం ఒకటే. వేడిని పట్టుకునే వాయువు ఏదైనా సరే పరారుణ కాంతి కళ్లు గప్పలేదు. 1859లో జాన్ టిండాల్ లండన్‌లో గొట్టంలో వాయువులు నింపి వేడి కిరణాలు పంపి చూసింది ఇదే. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలత మొదలుపెట్టింది పరారుణ పరికరంతోనే. అప్పుడు 315 పీపీఎం (అంటే గాలిలో పది లక్షల పాళ్లకి 315 పాళ్లు) దగ్గర ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటిందని ప్రపంచానికి తెలిసింది ఆ కొలత తరాలు మారినా సాగినందువల్లే.

ఇక ఈ విద్యకి మన ఊరు పరాయిది కాదు. వాల్తేరులో స్పెక్ట్రోస్కోపీ పరిశోధనకి పునాది వేసిన కొచ్చెర్లకోట రంగధామరావు గారు, రామన్ ఫలితం మీద పనిచేసిన సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పారు. అణువులు కాంతిని ఎలా పీల్చుకుంటాయో దేశానికి నేర్పిన చోట, ఆ విద్యని ఊరి గాలి మీదే పెట్టమని అడగడం నాకు న్యాయంగానే తోస్తోంది.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. "సరే, కొలుద్దాం" అని ఎవరైనా అంటే మొదట జరిగేది టెండరు. చవక సెన్సర్లు వందల కొద్దీ కొని స్తంభాలకు బిగించి, తెర మీద ఆకుపచ్చ, ఎరుపు చుక్కలు చూపించి పని అయిపోయిందనడం చాలా సులువు. దయచేసి అలా చేయకండి.

చవక సెన్సర్లలో మంచి పేరున్నవాటి వివరపత్రం చూసినా, తప్పు 30 పీపీఎం అటూఇటూ, దానిపైన చదివిన అంకెలో ఇంకో 3 శాతం అని ఉంటుంది. 420 దగ్గర అది 40 పీపీఎం పైమాట. ఊరి గాలికీ సముద్రం మీది గాలికీ మధ్య మనం పట్టుకోవాల్సిన తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది. ఇంకో లోపం ఉంది, దీని గురించి అమ్మేవాళ్లు చెప్పరు. ఈ సెన్సర్లు చాలావరకు ఏసీ గదుల కోసం తయారైనవి, గదిలో గాలి బాగుందో లేదో చూడటానికి. వారంలో కనిపించిన అతి తక్కువ అంకెనే బయటి గాలి అనుకుని, దాన్ని 400 కింద లెక్కేసి తమను తాము సరిదిద్దుకుంటాయి. దీన్ని ఆరుబయట పెడితే ఏమవుతుంది? బయటి గాలిలో అసలు అంకె 420 దాటి, ఊళ్లో ఇంకా ఎక్కువగా ఉన్నా, వారం వారం అది దాన్ని 400కి దింపేస్తూ ఉంటుంది. ఏడాదికేడాది పెరుగుదల కనబడకుండా పోతుంది. టెండరు కాగితంలో ఆ స్వయం సవరణను ఆపేయాలని ఒక్క వాక్యం రాయకపోతే, పెట్టిన డబ్బంతా తప్పుడు అంకెల కోసం పెట్టినట్టే.

మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉక్కపోత. మే నెలలో మన తీరాన గాలిలో నీటి ఆవిరి 3 శాతం దాకా ఉంటుంది. నీటి ఆవిరి రెండు రకాలుగా లెక్క చెడగొడుతుంది. ఒకటి, అది కూడా పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. రెండోది, అది గాలిలో చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మిగతా వాయువుల వాటా తగ్గినట్టు కనిపిస్తుంది. పొడి గాలిలో 420 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్, 3 శాతం తేమ ఉన్న గాలిలో 407 చదువుతుంది. గాలి బాగుపడిందని సంతోషపడతాం, నిజానికి వాతావరణం చెమ్మగా ఉందంతే. అందుకని గాలిని ముందు ఆరబెట్టాలి, లేదా తేమను కూడా అదే క్షణంలో కొలిచి లెక్క సరిచేయాలి. ఉప్పు గాలికి అద్దాలు మసకబారతాయి, కాబట్టి తుడిచే మనిషి ఉండాలి. ప్రామాణిక వాయువు నింపిన సిలిండర్లతో తరచూ సరిచూడాలి, ఆ సిలిండర్లు ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న కొలమానానికి ముడిపడి ఉండాలి. ఆ సంస్థ మన అర్ధగోళంలో కార్బన్ డయాక్సైడ్‌కి పెట్టుకున్న లక్ష్యం 0.1 పీపీఎం. నగరానికి అంత కచ్చితత్వం అక్కర్లేదు, కానీ ఒకటి రెండు పీపీఎం లోపల ఉండాలి.

అలాగని చిన్న సెన్సర్లు దండగ అనను. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు 2012 నుంచి ఓక్లాండ్ చుట్టుపక్కల సుమారు రెండేసి కిలోమీటర్లకి ఒకటి చొప్పున పరారుణ సెన్సర్లు పెట్టారు, చాలావాటిని బడుల మేడల మీద. 2020లో లాక్‌డౌన్ వచ్చి రోడ్లు ఖాళీ అయినప్పుడు ఆ తగ్గుదల వాళ్ల అంకెల్లో స్పష్టంగా కనిపించింది. అయితే వాళ్లు వాడినవి గదుల్లో పెట్టే రకం కాదు, వాటిని ఒకదానితో ఒకటి, పెద్ద పరికరంతో నిరంతరం సరిచూసుకుంటారు. జీవీఎంసీ బడుల మేడలు మనకీ ఉన్నాయి. ఎన్ని సెన్సర్లు అన్నది ముఖ్యం కాదు, వాటిని సరిచూసే మనుషులు ఉన్నారా అన్నదే ముఖ్యం.

విశాఖకి ఉన్న వరం సముద్రం. నగరంలో గాలిని కొలిచేవాళ్లందరికీ మొదటి సమస్య ఒకటే: ఊరి వల్ల ఎంత పెరిగిందో తెలియాలంటే ఊరు తగలని గాలిలో ఎంతుందో తెలియాలి. ఢిల్లీ లాంటి చోట అటువంటి గాలి దొరకడమే కష్టం, ఎటు చూసినా ఇంకో ఊరు, ఇంకో మంట. మనకి ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగాక అది బంగాళాఖాతం మీదుగా వస్తుంది. యారాడ వైపో, రుషికొండ వైపో తీరాన ఒక మంచి పరికరం, ఊరి లోపల రామ్‌నగర్‌లో ఇంకోటి, కొండల అవతల పెందుర్తి వైపు మరోటి పెడితే, గాలి తీరం దాటి ఊరంతా తిరిగి అవతలికి వెళ్లేలోపు ఎంత మోసుకెళ్లిందో తీసివేతతో తెలుస్తుంది. గాలి వేగం, దిశ వాతావరణ శాఖ దగ్గర ఉన్నాయి, కైలాసగిరి మీద డాప్లర్ రాడారే ఉంది. రాత్రి గాలి తిరగబడి భూమి నుంచి సముద్రానికి పోతుంది, అప్పుడు లెక్క కూడా తిరగేసి చూడాలి.

కొండల మధ్య ఇరుక్కున్న ఊరు కావడం వల్ల ఒక జాగ్రత్త అవసరం. చలికాలం తెల్లవారుజామున పొగమంచుతో పాటు గాలి నేలకి అంటుకుపోయి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ అంకె బాగా లేస్తుంది. అది చూసి పత్రికలు "విశాఖలో ప్రమాద ఘంటికలు" అని రాస్తే అది తప్పు. ఆ పెరుగుదలలో కొంత బండ్లది, కొంత పొయ్యిలది, కొంత కంబాలకొండ అడవిది కూడా, ఎందుకంటే చెట్లు, మట్టి రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఏది ఎంతో విడదీయడానికి దారి ఉంది: ఇంధనం, చెత్త సరిగ్గా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, చెట్ల శ్వాసలో అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. కాబట్టి రెండింటినీ పక్కపక్కన కొలిచి నిష్పత్తి చూస్తే మంట ఎంత, శ్వాస ఎంత అన్నది చాలావరకు తేలుతుంది. మీరు ఇన్నాళ్లుగా కొలుస్తున్న కార్బన్ మోనాక్సైడ్‌కి కొత్త విలువ వచ్చేది ఇక్కడే. అంకెతో పాటు ఈ వివరణ కూడా తెర మీద ఉండాలి, లేకపోతే జనానికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

కాపులుప్పాడ గురించి విడిగా చెప్పాలి. ఊరి చెత్తంతా ఏళ్ల తరబడి పోసిన చోటు అది. తడిచెత్త గాలి తగలకుండా లోపల కుళ్లితే వచ్చేది మీథేన్. గ్రాముకి గ్రాము చూస్తే 100 ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పడుతుంది, 20 ఏళ్ల లెక్కన 80 రెట్లు. పాత గుట్టలను బయోమైనింగ్‌తో తవ్వి తీయడం, చెత్త నుంచి కరెంటు తీయడం, ఇవన్నీ మంచి పనులే, నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ తవ్వకముందు అక్కడి నుంచి గంటకి ఎన్ని కేజీల మీథేన్ లేచేది, తవ్వాక ఎంత లేస్తోంది అన్న అంకె జనానికి చూపించగలిగితే ఆ పనికి అంతకంటే మంచి రుజువు ఉండదు. దీనికి స్థిరమైన కేంద్రం కూడా అక్కర్లేదు. జానెడు పొడవున్న గదిలో లేజర్ కాంతిని అద్దాల మధ్య కిలోమీటర్ల దూరం నడిపించే పరికరాలు ఉన్నాయి, అవి కూడా పరారుణ కాంతివే, కారులో పెట్టుకుని గుట్ట చుట్టూ తిరిగితే గాలికి ఎదురు వైపు ఎంత, గాలివాలు వైపు ఎంత అని తెలుస్తుంది. అదే కారు గెడ్డల వెంట తిరగాలి, మురుగు శుద్ధి కేంద్రాల పక్కన తిరగాలి. గొట్టాల్లో వచ్చే సహజ వాయువులో సాధారణంగా కాస్త ఈథేన్ కూడా ఉంటుంది; మీథేన్‌తో పాటు అదీ కనిపిస్తే గొట్టంలో గ్యాస్ కావొచ్చు, కనిపించకపోతే చాలావరకు కుళ్లిన చెత్తో మురుగో.

పెద్ద పరిశ్రమల సంగతి వేరు. పరవాడలో 2000 మెగావాట్ల థర్మల్ కేంద్రం, ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, ఇవి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎత్తైన చిమ్నీల నుంచి పోతుంది, చాలాసార్లు మన తలల మీదుగా దాటిపోతుంది, నేల మీది పెట్టెకి తెలియదు. దానికి సూర్యుణ్ణే దీపంగా వాడుకునే పద్ధతి ఉంది. సూర్యకాంతి వాతావరణం మొత్తం దాటి వచ్చేటప్పుడు దారిలో ఉన్న వాయువులు తమ వంతు పరారుణ కాంతి తీసేసుకుంటాయి, ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ స్పెక్ట్రోమీటర్ ఆ లోటు చదివి నేల నుంచి ఆకాశం దాకా ఆ వాయువు మొత్తం ఎంతుందో చెబుతుంది. మ్యూనిక్ నగరంలో ఇలాంటివి ఐదు పెట్టారు, ఒకటి ఊరి మధ్యలో, నాలుగు నాలుగు దిక్కుల్లో, గాలి ఎటు వీచినా ఒకటి ముందు, ఒకటి వెనక ఉండేలా. మబ్బు పడితే ఇది పనిచేయదు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి చాలా రోజులు పోతాయి. అయినా అక్టోబరు తుపానులు దాటాక మిగిలే నెలలు చాలు. మన పక్క తెలంగాణలో షాద్‌నగర్ దగ్గర జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఈ వాయువులను కొలుస్తోంది, వాళ్ల అనుభవం అడిగితే దొరుకుతుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఇళ్ల మీద పడింది, 12 మంది చనిపోయారు. ఆ రోజు ఊళ్లో మనమంతా అడిగిన ప్రశ్న: గాలిలో ఏముంది, ఎంతుంది, ఎటు పోతోంది? ఆరుబయట కాంతి మార్గం పెట్టి కొలిచే ఫోరియర్ పరికరాలు ఒకటి రెండు వాయువులకే పరిమితం కావు. ఒకే వర్ణపటంలో కార్బన్ డయాక్సైడ్, మీథేన్, అమ్మోనియా, స్టైరీన్ ఎవరి చోట వాళ్లు కనిపిస్తారు, స్టైరీన్ 11 మైక్రాన్ల దగ్గర. కాంతి వెళ్లే దారిలోకి వచ్చిన వాయువునే అది చూస్తుంది, ఊరంతటినీ కాదు, ప్రమాదాన్ని ఆపదు కూడా. కానీ పారిశ్రామిక ప్రాంతానికీ ఇళ్లకీ మధ్య అలాంటి గీతలు రెండు మూడు గీసి ఉంచితే, వాతావరణం కోసం పెట్టిన ఖర్చే జనం ప్రాణాలకి కూడా పనికొస్తుంది. గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం, పరవాడ వైపు జనానికి ఇది బాకీ ఉన్నట్టే అనుకోండి.

ఖర్చు సంగతి. అన్నీ ఒకేసారి అడగడం లేదు. స్వచ్ఛ వాయు కార్యక్రమం నిధులు దుమ్ము కోసం ఇచ్చినవి, వాటిని ఇటు మళ్లించమని కూడా అనను. మొదట రెండు పరికరాలు చాలు. రామ్‌నగర్‌లోని గాలి కొలిచే కేంద్రంలో ఇప్పటికే గాలి పీల్చే గొట్టం ఉంది, కరెంటు ఉంది, ఏసీ గది ఉంది. అక్కడే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కొలిచే ఒక మంచి పరికరం పెట్టండి. రెండోది తీరాన. సరిచూసే బాధ్యత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పగించండి, దానికి జీతమిచ్చి ఇద్దరు పరిశోధక విద్యార్థులను పెట్టండి. పరికరం కొనడానికి డబ్బు దొరుకుతుంది, మూడో ఏడాది సిలిండరు కొనడానికి దొరకదు, చాలా కేంద్రాలు మూతపడేది అక్కడే. అందుకని ఐదేళ్ల నిర్వహణ ఖర్చు మొదటి ఒప్పందంలోనే రాయండి. అంకెలు సగటులుగా కాదు, గంటగంటవి, ఎవరైనా దించుకునే ఫైలుగా ఇవ్వండి. పరికరం చెడిపోయిన రోజుల్ని ఖాళీగానే చూపించండి, నింపకండి. ఏ రోజున ఏ సిలిండరుతో సరిచూశారో అదీ పక్కన రాయండి.

కమిషనర్ గారూ, చలికాలంలో గాలి నిలిచిపోయే నెలలే మన ఊరి గాలి గురించి ఎక్కువ చెబుతాయి. ఈ నవంబరు కల్లా రామ్‌నగర్‌లో ఆ ఒక్క పరికరమైనా పనిచేయడం మొదలుపెడితే, ఫిబ్రవరిలో మా పిల్లలు మీ ఫైలు దించుకుని సంక్రాంతి భోగి మంటల రోజును, మామూలు రోజును పక్కపక్కన గీసి చూస్తారు. పరికరాలు తుడవడానికి, అంకెలు సరిచూడటానికి మనుషులు తక్కువైతే చెప్పండి, సెలవు రోజుల్లో నేనూ వస్తాను, ఇష్టమున్న విద్యార్థులనీ తీసుకొస్తాను. జవాబు కూడా నలుగురూ చదివేలా ఇవ్వమని మనవి.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కెమిస్ట్రీ మాస్టారు